పన్ను ఫోన్ వచ్చిందా? పెట్టేసి ఖాతా చూడండి!

* అధికారులూ ఫోన్ చేస్తారు.. మోసగాళ్లూ చేస్తారు
* గుట్టు తేల్చేది గొంతు కాదు.. పోర్టల్‌లోని పత్రమే

తిరుపతి: 'ఆదాయపు పన్ను కార్యాలయం నుంచి మాట్లాడుతున్నాం. మీ పాన్‌పై పెద్ద మొత్తంలో బకాయి ఉంది. సాయంత్రంలోగా కట్టకపోతే కేసు తప్పదు..' ఇలాంటి ఫోన్ వస్తే తిరుపతిలో లాడ్జి నడిపే యజమాని అయినా, చిత్తూరులో పింఛనుపై బతికే విశ్రాంత ఉపాధ్యాయుడైనా ఒక్క క్షణం తడబడటం సహజం. పన్ను మాట వింటేనే సామాన్యుడికి గుండెలో దడ. ఆ దడనే పెట్టుబడిగా చేసుకుని దేశవ్యాప్తంగా ముఠాలు కోట్ల రూపాయలు కొల్లగొడుతున్నాయి.

దీనికి విరుగుడుగా ఏళ్ల తరబడి వినిపిస్తున్న సలహా ఒక్కటే. 'పన్నుల శాఖ ఎవరికీ ఫోన్ చేయదు, అలాంటి ఫోన్లన్నీ నకిలీవే' అని. వినడానికి సులువుగా ఉన్నా ఇది పూర్తి సత్యం కాదు. ఆదాయపు పన్ను, జీఎస్టీ శాఖల నుంచి నిజమైన ఫోన్లూ వస్తాయి. వాటిని నకిలీవని కొట్టిపారేసిన వ్యాపారికి వడ్డీ, జరిమానా, చివరకు రిజిస్ట్రేషన్ రద్దు దాకా ముప్పు ఉంటుంది. నకిలీ ఫోన్‌ను అసలుదని నమ్మితే జీవితకాలపు పొదుపే ఊడ్చుకుపోతుంది. నమ్మినా నష్టం, నమ్మకపోయినా నష్టం అన్న ఈ స్థితిలో అసలును, నకిలీని వేరుచేసే మార్గం ఏమిటన్నదే ప్రశ్న.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఈ ప్రశ్న ఎదురుకాని వర్గం లేదు. తిరుపతిలో లాడ్జీలు, హోటళ్లు, ట్రావెల్స్ నిర్వాహకులు, తితిదే ఉద్యోగులు, విశ్వవిద్యాలయాల పింఛనుదారులు ఉన్నారు. రేణిగుంట, శ్రీసిటీ పరిశ్రమల్లో తొలిసారి రిటర్ను వేస్తున్న యువత ఉంది. చిత్తూరులో మామిడి గుజ్జు పరిశ్రమలు, బెల్లం మండీలు, నగరి, పుత్తూరులలో మరమగ్గాలు, మదనపల్లెలో టమోటా మండీలు.. ఎవరి స్థాయిలో వారికి పన్నుల శాఖతో ఏదో ఒక లావాదేవీ ఉంటుంది. 'నాకెందుకు ఫోన్ చేస్తారు?' అని ధైర్యంగా అనగలిగేవారు తక్కువ. మోసగాడికి కావలసిందీ ఆ సందేహమే.

అసలు ఫోన్లు ఎప్పుడొస్తాయి?

ఆదాయపు పన్ను రిటర్నులను బెంగళూరులోని కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రం పరిశీలిస్తుంది. పాత బకాయిల పరిష్కారానికి మైసూరులో ప్రత్యేక కేంద్రం ఉంది. ఖాతాలో బకాయి చూపుతున్న వారికి ఈ కేంద్రం ఈ-మెయిల్‌తో పాటు ఫోన్ ద్వారా కూడా గుర్తుచేస్తుంది. పెద్ద మొత్తాల లావాదేవీలపైనా, రిటర్నులోని వ్యత్యాసాలపైనా శాఖ ఎస్ఎంఎస్‌లు పంపుతుంది. విదేశీ ఆస్తులు, ఆదాయాన్ని రిటర్నులో చూపాలని కోరుతూ 2024 నవంబరులో ఇలాంటి సందేశాలే వెళ్లాయి.

జీఎస్టీ విషయంలో ఫోన్ మరింత మామూలు. నెలవారీ రిటర్ను వేయని వ్యాపారికి సర్కిల్ కార్యాలయ సిబ్బంది ఫోన్ చేసి గుర్తుచేయడం చిన్న పట్టణాల్లో కొత్తేమీ కాదు. ఆ ఫోన్‌ను పట్టించుకోకుంటే రిటర్ను వేయనందుకు నోటీసు వస్తుంది. అందులో 15 రోజుల గడువు ఉంటుంది. నెలవారీ రిటర్నులు వరుసగా ఆరు నెలలు వేయకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం శాఖకు ఉంది. ఆలస్యంగా కట్టే పన్నుపై ఏడాదికి 18 శాతం వడ్డీ పడుతుంది.

రైతులకూ ఇందులో మినహాయింపు లేదు. వ్యవసాయ ఆదాయంపై కేంద్ర ఆదాయపు పన్ను లేకపోయినా, బ్యాంకులో పెద్ద మొత్తంలో నగదు జమ చేసినప్పుడు, భూమి అమ్మినప్పుడు ఆ వివరాలు పన్నుల శాఖకు చేరతాయి. వాటిపై వివరణ కోరుతూ సందేశం రావచ్చు. అంతమాత్రాన కంగారుపడవలసిన పని లేదు, అలాగని దానిని చెత్తబుట్టలో వేయడమూ తగదు.

ఈ నిజమైన ఫోన్లన్నింటిలో ఒక సామాన్య లక్షణం ఉంది. ఫోన్ రాకముందే విషయం మీ ఖాతాలో నమోదై ఉంటుంది. ఫోన్ దానిని గుర్తుచేస్తుందంతే. నిజమైన బకాయి ఫోన్ పెట్టేస్తే పోదు. గంట తర్వాత చూసినా, మర్నాడు ఆడిటర్‌తో చూపించినా అక్కడే ఉంటుంది. మోసగాడి బకాయి అలా కాదు, ఫోన్ పెట్టేస్తే దానికి ఆధారమే ఉండదు. అందుకే అతడు ఫోన్ పెట్టనివ్వడు. 'లైన్‌లోనే ఉండండి', 'ఇంట్లో ఎవరికీ చెప్పవద్దు', 'ఆడిటర్‌ను కలిస్తే కేసు బిగుస్తుంది' అని ఒత్తిడి తెస్తాడు. అసలు, నకిలీలను విడదీసే మొదటి గీటురాయి ఇదే.

పాత నాటకం.. కొత్త వేషం

పన్నుల అధికారి వేషంలో ఫోన్‌లో బెదిరించే దందా భారీ స్థాయిలో వెలుగుచూసింది మన దేశపు కాల్ సెంటర్లలోనే. 2016 అక్టోబరులో ముంబయి సమీపంలోని మీరా రోడ్‌లో పోలీసులు జరిపిన దాడుల్లో, అమెరికా పన్నుల విభాగం ఐఆర్ఎస్ అధికారులమంటూ అక్కడి పౌరులను బెదిరిస్తున్న కాల్ సెంటర్లు బయటపడ్డాయి. అదే నెలలో అమెరికా న్యాయశాఖ అహ్మదాబాద్ కాల్ సెంటర్లతో ముడిపడిన మరో భారీ కేసులో 56 మంది వ్యక్తులపైనా, ఐదు కాల్ సెంటర్లపైనా అభియోగాలు మోపింది. ఈ కేసులో కొందరికి 20 ఏళ్ల వరకు జైలు శిక్షలు పడ్డాయి. బాధితుల్లో వృద్ధులతో పాటు వలస వచ్చినవారూ ఉన్నారు. 'పన్ను కట్టకుంటే అరెస్టు చేస్తాం, దేశం నుంచి పంపించేస్తాం' అన్నదే అక్కడి బెదిరింపు.

పిల్లలు అమెరికాలో చదువుతున్న కుటుంబాలు మన రెండు జిల్లాల్లోనూ ఉన్నాయి. ఆ తల్లిదండ్రులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఐఆర్ఎస్ సాధారణంగా మొదట తపాలా ద్వారా లేఖ పంపుతుంది. గిఫ్ట్ కార్డుల రూపంలో పన్ను కట్టమని ఎన్నడూ అడగదు. 'నాన్నా, అర్జంటుగా డబ్బు పంపండి' అని విద్యార్థి కంగారుపడితే, ముందు లేఖ వచ్చిందా అని అడగడం కన్నవారి వంతు.

అమెరికన్లపై ప్రయోగించిన ఆ నాటకమే ఇప్పుడు 'డిజిటల్ అరెస్టు' పేరుతో మనవారిపైకి తిరిగింది. పన్నుల అధికారిగా మొదలైన గొంతు కాసేపటికి పోలీసుగా, ఆపై సీబీఐగా, చివరకు న్యాయమూర్తిగా మారుతుంది. పార్లమెంటుకు కేంద్రం తెలిపిన వివరాల ప్రకారం డిజిటల్ అరెస్టు, తత్సంబంధ మోసాలపై 2022లో 39,925 ఫిర్యాదులు అందగా, పోగొట్టుకున్న మొత్తం రూ.91.14 కోట్లు. 2024 నాటికి ఫిర్యాదులు 1,23,672కు, నష్టం రూ.1,935.51 కోట్లకు ఎగబాకాయి. రెండేళ్లలో ఫిర్యాదులు మూడింతలైతే నష్టం ఇరవై రెట్లు దాటిందంటే ఒక్కో బాధితుడి నుంచి గుంజుతున్న మొత్తం ఎంతగా పెరిగిందో అర్థమవుతుంది.

చదువు, హోదా ఇక్కడ రక్షణ కావడం లేదు. వర్ధమాన్ గ్రూపు అధినేత ఎస్.పి.ఓస్వాల్ 2024లో నకిలీ అధికారుల చేతిలో రూ.7 కోట్లు కోల్పోయారు. ఆయన ముందు ఏకంగా సుప్రీంకోర్టు విచారణనే నటించి చూపారు. హర్యానాలోని అంబాలాకు చెందిన వృద్ధ దంపతులు కోటి రూపాయలకు పైగా పోగొట్టుకుని రాసిన లేఖపై 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు స్వయంగా స్పందించింది. అదే ఏడాది డిసెంబరు 1న డిజిటల్ అరెస్టు కేసుల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

తెలుగులో మాట్లాడితే మనవాడేనా?

ఒకప్పుడు హిందీలో గద్దిస్తే అనుమానం వచ్చేది. ఇప్పుడు ఫోన్‌లో అచ్చ తెలుగు వినిపిస్తే నమ్మకం కుదురుతోంది. ఆ నమ్మకమూ కొంప ముంచుతుంది. కంబోడియాలో ఉద్యోగాలంటూ తీసుకెళ్లిన తెలుగు యువకులతో బలవంతంగా సైబర్ నేరాలు చేయిస్తున్న వైనాన్ని 2024 మేలో విశాఖపట్నం పోలీసులు వెలుగులోకి తెచ్చారు. మన భాషలో మాట్లాడే గొంతు ఎక్కడో పరాయి దేశంలో నిర్బంధంలో ఉన్న యువకుడిదీ కావచ్చు.

తెరపై కనిపించే ఫోన్ నంబరూ ఆధారం కాదు. విదేశాల నుంచి చేసే ఫోన్లకు భారతీయ నంబరు తగిలించే సాంకేతికత మోసగాళ్ల చేతిలో ఉంది. ఇలాంటి ఫోన్లను అడ్డుకునేందుకు టెలికాం శాఖ 2024 అక్టోబరు 22న ప్రత్యేక వ్యవస్థను ప్రారంభించగా, తొలి 24 గంటల్లోనే 1.35 కోట్ల ఫోన్లు పట్టుబడ్డాయి. వాట్సప్‌లో శాఖ చిహ్నం, ఖాకీ దుస్తుల ఫొటో పెట్టుకోవడం అంతకన్నా తేలిక. మీ పాన్, ఆధార్, ఇంటి చిరునామా గడగడా చదివి వినిపించినా నమ్మనక్కరలేదు. ఆ వివరాలు ఇప్పటికే ఎన్ని జిరాక్సు దుకాణాల్లో, ఎన్ని దరఖాస్తుల్లో పడి ఉన్నాయో ఎవరికీ తెలియదు.

కాగితానికీ గుర్తింపు సంఖ్య

గొంతును, నంబరును నమ్మలేనప్పుడు దేన్ని నమ్మాలి? ఈ ప్రశ్నకు శాఖే సమాధానం సిద్ధం చేసింది. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2019 ఆగస్టు 14న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి ఆదాయపు పన్ను శాఖ జారీ చేసే నోటీసు, ఉత్తర్వు, సమన్లపై 'డిన్' అనే పత్ర గుర్తింపు సంఖ్య తప్పనిసరి. అసాధారణ పరిస్థితుల్లో ఈ సంఖ్య లేకుండా జారీ చేయవలసి వస్తే ఉన్నతాధికారి అనుమతి ఉండాలి, ఆ సంగతి పత్రంలోనే రాయాలి. కేంద్ర జీఎస్టీ, కస్టమ్స్ శాఖలూ 2019 నవంబరు నుంచి ఇదే పద్ధతిని అనుసరించాయి. జీఎస్టీ పోర్టల్ నుంచి నేరుగా వెలువడే నోటీసులపై ఆర్ఎఫ్ఎన్ అనే సంఖ్య ఉంటుంది. వీటికి విడిగా డిన్ అవసరం లేదని 2025లో స్పష్టం చేశారు.

అయితే సంఖ్య ముద్రించి ఉన్నంతమాత్రాన పత్రం అసలుదని తేలిపోదు. నకిలీ డిన్‌లతో సమన్లు సృష్టించి పంపుతున్నారంటూ 2024 ఫిబ్రవరిలో కేంద్ర ఆర్థిక శాఖే హెచ్చరించింది. ఆ సంఖ్యను మీరే స్వయంగా సరిచూసుకున్నప్పుడే దానికి విలువ. మార్గాలివీ..

* ఆదాయపు పన్ను: ఇన్‌కంట్యాక్స్ డాట్ జీవోవీ డాట్ ఇన్ పోర్టల్ మొదటి పేజీలోనే నోటీసు లేదా ఉత్తర్వు అసలుదా కాదా అని ధ్రువీకరించుకునే విభాగం ఉంది. డిన్, మీ ఫోన్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది. దానిని మీరే పోర్టల్‌లో నమోదు చేయాలి, ఫోన్‌లో ఎవరికీ చెప్పకూడదు. ఖాతాలోకి ప్రవేశిస్తే బకాయిలు, పెండింగ్ నోటీసులు కనిపిస్తాయి.

* జీఎస్టీ: జీఎస్‌టీ డాట్ జీవోవీ డాట్ ఇన్‌లో నోటీసులు, ఉత్తర్వుల విభాగాన్ని చూడాలి. 'అదనపు నోటీసులు' వేరే పేజీలో ఉంటాయి. దానినీ విధిగా తెరిచి చూడాలి.

* ఫోన్‌లో: ఆదాయపు పన్ను సహాయ కేంద్రం 1800 103 0025, 1800 419 0025. జీఎస్టీ సహాయ కేంద్రం 1800 103 4786. వచ్చిన నంబరుకు తిరిగి చేయకుండా ఈ నంబర్లకు మీరే ఫోన్ చేయాలి.

* నేరుగా: తిరుపతి కె.టి.రోడ్డులోని ఆయకర్ భవన్‌కు గాని, మీ పరిధిలోని జీఎస్టీ సర్కిల్ కార్యాలయానికి గాని పత్రం తీసుకుని వెళ్లవచ్చు. వెళ్లలేనివారు తమ ఆడిటర్‌ను సంప్రదించవచ్చు.

వీటిలో దేనికైనా గంట నుంచి ఒక పూట పడుతుంది. నిజమైన అధికారికి ఆ పూట జాప్యం వల్ల కలిగే ఇబ్బంది ఏమీ ఉండదు. వారించేవాడు అధికారి కాడని అప్పుడే తేలిపోతుంది.

సొమ్ము ఎవరి ఖాతాకు?

రెండో గీటురాయి సొమ్ము వెళ్లే దారి. ఆదాయపు పన్నును పోర్టల్‌లో చలానా సృష్టించి కట్టాలి. జీఎస్టీకీ పోర్టల్ చలానాయే మార్గం. చెల్లించాక చలానా సంఖ్యతో రసీదు వస్తుంది, అది మీ ఖాతాలోనూ కనిపిస్తుంది. వ్యక్తి పేరిట ఉన్న బ్యాంకు ఖాతాకు, ఎవరో పంపిన క్యూఆర్ కోడ్‌కు, ఫోన్ నంబరుకు పన్ను కట్టే పద్ధతి లేదు. 'పరిశీలన కోసం డబ్బు ప్రభుత్వ ఖాతాకు బదిలీ చేయండి, తర్వాత తిరిగి ఇస్తాం' అనే మాట ఏ శాఖలోనూ ఉండదు. విదేశాల నుంచి బహుమతి వచ్చిందని, విమానాశ్రయంలో సుంకం కట్టాలని వచ్చే ఫోన్లదీ ఇదే తంతు. వ్యక్తిగత ఖాతాల్లో సుంకం కట్టమని కస్టమ్స్ శాఖ ఫోన్ చేయదు.

బెదిరించకుండా ఆశపెట్టేవారూ ఉన్నారు. 'మీకు రూ.15,490 రీఫండు మంజూరైంది, ఖాతా వివరాలు సరిచూసుకోండి' అంటూ 2023లో దేశమంతా తిరిగిన సందేశం నకిలీదని కేంద్ర సమాచార విభాగం తేల్చింది. రీఫండు పోర్టల్‌లో ముందే ధ్రువీకరించుకున్న బ్యాంకు ఖాతాకే జమవుతుంది. దానికోసం లింకు నొక్కడం, ఓటీపీ చెప్పడం అవసరం లేదు.

'మీ ఫైలు నా దగ్గరే ఉంది, కొంత ముట్టజెబితే మూసేస్తా' అనేవారిది మరో దారి. 2019 అక్టోబరు నుంచి ఆదాయపు పన్ను పరిశీలన చాలావరకు ముఖాముఖి లేని విధానంలోకి మారింది. ఫైలు ఏ ఊరి అధికారి వద్ద ఉందో చెల్లింపుదారుడికి తెలియదు, ప్రశ్నోత్తరాలన్నీ పోర్టల్‌లోనే సాగుతాయి. కాబట్టి ఆ మాట అన్నవాడు మోసగాడైనా కావాలి, లంచగొండి అయినా కావాలి. ఏదైనా డబ్బు ఇవ్వవలసిన పని లేదు.

అరెస్టు మాట ఎంత నిజం?

ఆదాయపు పన్ను బకాయి ఉన్నంతమాత్రాన సాయంత్రానికి అరెస్టు చేసే విధానం చట్టంలో లేదు. ముందు డిమాండ్ నోటీసు వస్తుంది. చెల్లింపునకు సాధారణంగా 30 రోజుల గడువు ఉంటుంది. అభ్యంతరం చెప్పడానికి, అప్పీలు చేయడానికి వీలుంటుంది. జీఎస్టీ చట్టంలో అరెస్టు అధికారం ఉన్న మాట వాస్తవమే. అయితే అది చట్టం నిర్దేశించిన కోట్ల రూపాయల పరిమితి దాటిన ఎగవేత కేసుల్లో, కమిషనర్ అనుమతితో మాత్రమే. వీడియో కాల్‌లో నిర్బంధించే 'డిజిటల్ అరెస్టు' ఏ చట్టంలోనూ లేదని ప్రధాని నరేంద్ర మోదీ 2024 అక్టోబరు 27న 'మన్ కీ బాత్'లో ప్రకటించారు.

సెక్షన్ల పేరుతో భయపెట్టడానికి కొత్త అవకాశమూ వచ్చింది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో పార్లమెంటు 2025లో కొత్త చట్టాన్ని ఆమోదించింది. దాని అమలుకు 2026 ఏప్రిల్ 1ని ముహూర్తంగా నిర్ణయించారు. సెక్షన్ల సంఖ్యలు మారిపోవడంతో చదువుకున్నవారికీ అయోమయం తప్పదు. ఫోన్‌లో వినిపించే సెక్షన్ నంబరుపై వాదనకు దిగకుండా, పత్రం సంఖ్య అడిగి ఫోన్ పెట్టేయడమే క్షేమం.

శాఖలదీ బాధ్యతే

భారమంతా పౌరుడిపై నెట్టి చేతులు దులుపుకోవడం ప్రభుత్వానికి తగదు. నోటీసులు సాధారణంగా ఇంగ్లిష్, హిందీ భాషల్లో వస్తాయి. నగరిలో నాలుగు మగ్గాలు నడుపుకొనే చిన్న యజమానికి అందులో డిన్ ఎక్కడుందో, గడువు ఎంతో తెలుసుకోవాలంటే మరొకరి సాయం కావాలి. పోర్టల్‌లో నోటీసు పెట్టి, అది చూడలేదన్న కారణంతో వడ్డీ వేయడం న్యాయమా అన్నది ఆలోచించవలసిన విషయం. ఫోన్ చేసే సిబ్బంది ముందుగా పత్రం సంఖ్య చెప్పి, 'మీరే పోర్టల్‌లో చూసుకోండి' అని ఫోన్ పెట్టేసే అలవాటు చేసుకుంటే సగం చిక్కు విడిపోతుంది. నోటీసు సారాంశం తెలుగులో నాలుగు వాక్యాలు ఇవ్వడం, సర్కిళ్లవారీగా ఫోన్లు ఏ నంబర్ల నుంచి వస్తాయో ప్రకటించడం, బ్యాంకుల్లో, మార్కెట్ యార్డుల్లో బోర్డులు పెట్టడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. అసలు అధికారి నకిలీవాడిలా ప్రవర్తించనంత కాలమే జనానికి తేడా తెలుస్తుంది.

డబ్బు పోతే తొలి గంటలే కీలకం

* వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారకముందే సమాచారం అందితే దానిని నిలిపివేసే అవకాశం ఉంటుంది.

* బ్యాంకుకు తెలిపి కార్డు, ఆన్‌లైన్ లావాదేవీలు ఆపించాలి. లావాదేవీ సంఖ్య, ఫోన్ నంబరు, వాట్సప్ సందేశాలు చెరిపేయకుండా భద్రపరచాలి.

* సమీప పోలీసుస్టేషన్‌లో ఫిర్యాదు చేయాలి. ప్రభుత్వ ఉద్యోగిగా నటించడం భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, జరిమానా పడతాయి.

* డబ్బు పోకపోయినా అనుమానాస్పద ఫోన్లను సంచార్ సాథీ పోర్టల్‌లోని 'చక్షు' విభాగంలో తెలియజేయవచ్చు. ఆ ఒక్క ఫిర్యాదు మరో కుటుంబాన్ని కాపాడవచ్చు.

పరువు పోతుందని మౌనంగా ఉండిపోయే బాధితుడే మోసగాడికి అసలైన అండ. ఇంట్లో పెద్దవారికి ఇలాంటి ఫోన్ వస్తే, డబ్బు పోయినా సరే, కోప్పడకుండా వినే మనిషి ఒకరు ఉండాలి. 'ఎవరికీ చెప్పవద్దు' అన్న బెదిరింపు పనిచేసేది చెప్పుకోవడానికి ఎవరూ లేని ఇంట్లోనే. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పిల్లలు దూరదేశాల్లో ఉండి పెద్దలు ఒంటరిగా కాలం గడుపుతున్న ఇళ్లు తక్కువేమీ కావు. ఆ ఇళ్లకు ఈ నాలుగు మాటలు చేర్చే బాధ్యత ఇరుగుపొరుగుదీ, బ్యాంకు సిబ్బందిదీ, ఏటా వారి రిటర్నులు వేసిపెట్టే ఆడిటర్లదీ.